2.5ని రౌండ్ చేస్తే 2 ఎందుకొస్తోంది?

ప్రశ్న: పైథాన్‌లో బిల్లింగ్ ప్రోగ్రామ్ రాస్తున్నాను. 2.5ని రౌండ్ చేస్తే 2 వస్తోంది, 3.5కి మాత్రం 4. 2.675ని రెండు దశాంశాలకు రౌండ్ చేస్తే 2.67 అంటోంది. ఎక్కడ తప్పు చేస్తున్నానండీ?

జవాబు: మీ తప్పేం లేదు. పైకి రెండూ ఒకలాగే ఉన్నా కారణాలు వేరు.

సరిగ్గా సగం దగ్గర పైథాన్ 3 వెర్షన్, పక్కనున్న సరి సంఖ్యకు వెళ్తుంది. బడిలో నేర్పినట్టు సగాలన్నీ పైకి నెడితే మొత్తం ఉబ్బుతుంది. 0.5, 1.5, 2.5, 3.5 కలిపితే 8. పైకి రౌండ్ చేసి కలిపితే 10. సరి సంఖ్య పద్ధతిలో 0, 2, 2, 4, అంటే మళ్లీ 8. పైథాన్ 2లో 2.5కి 3 వచ్చేది, అందుకే పాత కోడ్ మార్చేటప్పుడు జాగ్రత్త. జావాస్క్రిప్ట్ తీరు ఇంకో వింత: 2.5ని 3 చేస్తుంది, -2.5ని -2 చేస్తుంది.

రెండోది నిల్వ సమస్య. 2.675 బైనరీలో, అంటే కంప్యూటర్ వాడే 0, 1ల లెక్కలో, కచ్చితంగా ఇమడదు. లోపల ఉండేది 2.67499999999999982 చిల్లర. అది సగం కూడా కాదు, ఇక పైకెలా వెళ్తుంది?

డబ్బు లెక్కలకు ఫ్లోట్ (ఇలా బైనరీలో దాచే దశాంశ సంఖ్య) వద్దు. డెసిమల్ మాడ్యూల్ తీసుకుని, విలువను కోట్స్‌లో '2.675' అని ఇవ్వండి. కోట్స్ లేకపోతే ఆ చిల్లరే లోపలికొస్తుంది. తర్వాత క్వాంటైజ్‌కు (అందులో రౌండ్ చేసే ఫంక్షన్) '0.01' డెసిమల్‌తో పాటు రౌండ్_హాఫ్_అప్ (సగాన్ని పైకి నెట్టమని) చెప్పండి, 2.68 వస్తుంది. చెప్పకపోతే అక్కడా సరి సంఖ్య పద్ధతే. జీఎస్‌టీ చట్టం 170వ సెక్షన్ ప్రకారం 50 పైసలు, ఆపైన ఉంటే పన్ను పూర్తి రూపాయికి పెరగాలి కాబట్టి మీకు రౌండ్_హాఫ్_అప్ పద్ధతే సరిపడుతుంది.