"మీకెవరూ లేరు కదా!"

ఒంటరిగా ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్న మహిళలు తమ కష్టసుఖాలు రాయమని కిందటి నెల ఈ శీర్షికలో అడిగాను. పెళ్లి కానివారు, భర్తను పోగొట్టుకున్నవారు, విడిపోయినవారు ఎంతోమంది రాశారు. దాదాపు ప్రతి ఉత్తరంలోనూ ఒక మాట కనబడింది: "మీకెవరూ లేరు కదా!" 1984లో గుమస్తాగా బ్యాంకులో చేరినప్పటి నుంచి 2022లో పదవీ విరమణ దాకా నేనూ విన్న మాటే అది. అందుకే ఈసారి జవాబులు కొంచెం పొడుగయ్యాయి.

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఏడేళ్లుగా హాస్టళ్లలో, నలుగురు పంచుకునే గదుల్లో ఉన్నాను. ఇప్పుడు ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుందామని మూడు నెలలుగా తిరుగుతున్నాను. టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే "ఎంతమంది ఉంటారు?" అంటారు. ఒక్కదాన్నే అనగానే "ఫ్యామిలీలకే ఇస్తామమ్మా" అని పెట్టేస్తారు. ఒకాయన మాత్రం మా నాన్నగారు వచ్చి మాట్లాడితే ఇస్తానన్నారు. అద్దె కట్టేది నేను. నాన్నను తీసుకెళ్లాలా?
— ఒక పాఠకురాలు, నిజాంపేట, హైదరాబాద్

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే నాకు తెనాలి గుర్తొచ్చింది. నా మొదటి ఉద్యోగం అక్కడే. అప్పుడు నాకు 22 ఏళ్లు. ఇంటి కోసం వారం రోజులు తిరిగాను. పెళ్లికాని పిల్లకు ఇల్లివ్వమని ముఖం మీదే చెప్పినవాళ్లున్నారు. చివరికి గంగానమ్మపేటలో ఒక మామ్మగారు తన పెరటివైపు గది ఇచ్చారు, రాత్రి 8 గంటలకు వీధి తలుపు గడియ పడుతుందన్న షరతుతో. అప్పట్లో బ్యాంకులకు సంవత్సరం ముగిసేది డిసెంబరు 31న. ఆ రాత్రి లెక్కలు తేలేసరికి పన్నెండు దాటింది. మా ప్యూన్ సైకిల్ నడిపించుకుంటూ నన్ను ఇంటిదాకా దిగబెట్టాడు. తలుపు ఎలా కొట్టాలా అని భయపడుతూ వెళితే, మామ్మగారు అరుగు మీద శాలువా కప్పుకుని కూర్చుని ఉన్నారు. నన్ను ఒక్క ప్రశ్న అడిగారు: "అన్నం తిన్నావా?" మర్నాడు పొద్దున నల్లదారం కట్టిన తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఆ తర్వాత తెనాలిలో ఉన్న మూడేళ్లూ నాకు వేళల లెక్క లేదు.

అందరికీ అలాంటి మామ్మగారు దొరకరని నాకు తెలుసు. మీ నాన్నగారు రావడంలో తప్పేమీ లేదు. ఆయనకూ ఇల్లు చూసిన తృప్తి ఉంటుంది. అయితే ఒప్పంద పత్రంలో అద్దెదారు పేరు మీదే కావాలి, సంతకమూ మీదే కావాలి. నాన్నగారిని సాక్షిగా సంతకం పెట్టమనండి. రేపు కరెంటు బిల్లుకైనా, చిరునామా మార్పుకైనా, అడ్వాన్సు తిరిగి అడగడానికైనా ఆ కాగితమే ఆధారం. పత్రం ప్రతి పేజీ చదవండి. ఎంత రాత్రయినా రావచ్చా, చుట్టాలు, స్నేహితులు రావచ్చా అన్నవి ఇంట్లో దిగకముందే తేల్చుకోండి. అడ్వాన్సు బ్యాంకు ద్వారానే కట్టండి. ఇంకో మాట, బోర్డులు చూసి ఫోన్లు చేయడంకన్నా మీ ఆఫీసులో పనిచేసే ఆడవాళ్లను అడగండి. ఒంటరిగా ఉండే ఒక అమ్మాయికి ఇల్లిచ్చి ఇబ్బంది పడని యజమాని రెండో అమ్మాయికి ఇవ్వడానికి వెనకాడరు.

ప్రశ్న: అక్కా, నేను జూనియర్ కళాశాలలో అర్థశాస్త్రం చెబుతాను. వయసు 44. పెళ్లి చేసుకోలేదు. నాన్న పోయి ఆరేళ్లయింది. ఆయన కట్టిన ఇంట్లోనే అమ్మ, నేను ఉంటున్నాం. అమ్మకు 76 ఏళ్లు, చక్కెర వ్యాధి, మోకాళ్లు పనిచేయవు. పొద్దున ఇన్సులిన్ ఇచ్చి, స్నానం చేయించి, టిఫిన్ పెట్టి కాలేజీకి పరుగెత్తుతాను. ఇద్దరు తమ్ముళ్లు, ఒకరు బెంగళూరు, ఒకరు హైదరాబాద్. సంక్రాంతికి మూడు రోజులు వస్తారు. "నీకు సంసారం లేదు కదా, అమ్మను నువ్వు చూసుకుంటే మాకు నిశ్చింత" అంటారు. మొన్న పండక్కి చిన్నవాడు ఇంటిలో నా వాటా వదులుకున్నట్టు విడుదల దస్తావేజు రాయించి తెచ్చాడు. "నీకెవరూ లేరు కదా, నీ తర్వాత ఎలాగూ మా పిల్లలదే" అన్నాడు. తర్వాత చూద్దామని చెప్పి పంపాను. అప్పటి నుంచి నేను స్వార్థపరురాలినేమో అని కుమిలిపోతున్నాను. నిజం చెప్పనా, నేను అలసిపోయాను. అలా అనుకోవడం కూడా తప్పేనా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: సంతకం పెట్టకండి తల్లీ. మిగతాది నెమ్మదిగా మాట్లాడుకుందాం.

ఇల్లు మీ నాన్నగారి స్వార్జితమై, ఆయన వీలునామా రాయకుండా పోయి ఉంటే, హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకూ పిల్లలందరికీ సమాన వాటాలు. మీ ఇంట్లో అమ్మ, మీరు, ఇద్దరు తమ్ముళ్లు. నాలుగో వంతు మీది. పెళ్లయిందా లేదా అన్న ప్రశ్నకు అక్కడ చోటే లేదు. పిత్రార్జితంలోనైతే 1986లో వచ్చిన సవరణతోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూతుళ్లకు కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్లయిపోయిన కూతుళ్లను మాత్రం పక్కనపెట్టింది. 2005లో దేశమంతటికీ వచ్చిన సవరణ ఆ తేడాను కూడా తీసేసింది. విడుదల దస్తావేజు రిజిస్టరయ్యాక వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. అమ్మకు పెద్ద ఖర్చు వచ్చినా, రేపు మీకే తలదాచుకునే చోటు కావలసివచ్చినా ఆ నాలుగో వంతు మీకు నిలబడుతుంది.

మీ తర్వాత ఆ వాటా ఎవరికన్నది మీరు నిర్ణయించుకోవలసిన విషయం. వీలునామా రాయకపోతే, పిల్లలు లేని స్త్రీకి తండ్రి నుంచి వచ్చిన ఆస్తి తిరిగి తండ్రి వారసులకే వెళుతుంది. అంటే మీ తమ్ముడి మాట సగం నిజం. వేరేగా ఇవ్వాలనుకుంటే తెల్లకాగితం మీద వీలునామా రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, వారి చేత కూడా సంతకం చేయించండి. స్టాంపు కాగితం అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయిస్తే మంచిది. ఆస్తి పొందేవారిని సాక్షులుగా పెట్టకండి.

ఇక అలసట. మా నాన్నగారు పక్షవాతంతో నాలుగేళ్లు మంచంలో ఉన్నారు. మచిలీపట్నంలో నేనే చూసుకున్నాను. 1999లో ఆఫీసరుగా పదోన్నతి వచ్చింది, ఉత్తరాదికి వెళ్లాలి. వద్దని రాసిచ్చాను. "నీకేం, ఒక్కదానివి, ఇవాళ కాకపోతే రేపు తెచ్చుకుంటావు" అన్నాడు మా అన్నయ్య. ఆ మాటకు ఏడుపొచ్చింది. ఆ రాత్రి ఒక లాంగ్‌బుక్ తీసి రాయడం మొదలుపెట్టాను. రాత్రి 2 గంటలు, పక్క తిప్పాను. 2.40, దుప్పటి మార్చాను. 4, మంచినీళ్లు. 5.30, పాలు కాచాను. నెల తిరిగేసరికి పుస్తకం సగం నిండింది. అన్నయ్య వచ్చినప్పుడు ఏమీ అనకుండా ఆయన చేతికిచ్చాను. నిలబడే చదవడం మొదలుపెట్టి, కాసేపటికి నాన్న మంచం పక్కన కూర్చున్నాడు. ఆ నెల నుంచి ఆయాకు జీతం అన్నయ్యే పంపాడు. వేసవి సెలవుల్లో వదిన వచ్చి రెండు నెలలు ఉంది. నాన్న పోయేదాకా అలాగే జరిగింది.

మీరూ ఒక నెల రాయండి. ఎంత చేశారు, ఎంత ఖర్చయింది, ఏ పూట నిద్ర లేదు, అన్నీ. ఇద్దరికీ నకళ్లు పంపండి. తర్వాత రెండే కోరండి. పగలు ఆయా ఖర్చు వాళ్లిద్దరూ భరించాలి. ఏడాదిలో ఒక్కొక్కరూ ఒక్కో నెల, అమ్మను తీసుకెళ్లడమో, వచ్చి ఇక్కడ ఉండడమో చేయాలి. తల్లిదండ్రుల పోషణ పిల్లలందరి బాధ్యత అని 2007లో చట్టం వచ్చింది. మీ అమ్మగారు దరఖాస్తు పెడితే ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్ విచారిస్తుంది. అక్కడిదాకా వెళ్లమని నేను చెప్పను. అలాంటి చట్టం ఒకటి ఉందని మీ తమ్ముళ్లకు తెలిస్తే చాలు. అలసిపోయానని అనుకోవడం తప్పు కానే కాదు. ముందు అమ్మతో అనండి. ఆవిడ మీకన్నా ముందే కనిపెట్టి ఉంటారు.

ప్రశ్న: అమ్మా, మా అమ్మాయికి 29 ఏళ్లు. ప్రభుత్వోద్యోగం. పెళ్లి మాటెత్తితే ఇప్పుడే వద్దంటుంది. మీ శీర్షిక చదివి ఇంకా మొండికేస్తోంది. ఉద్యోగం, పెళ్లి రెండూ చేసుకోవచ్చు కదా, ఒంటరితనాన్ని ఎందుకు మెచ్చుకుంటున్నారు?
— ఒక తండ్రి, అనంతపురం

జవాబు: అయ్యా, రెండూ చేసుకోవచ్చు. ఆ మాట ఇవాళ మీరు ఇంత తేలిగ్గా అనగలుగుతున్నారంటే దాని వెనక ఒక పోరాటం ఉంది. 1949లో విదేశాంగ సర్వీసులో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ. ఆ సర్వీసులోని మహిళ పెళ్లి చేసుకోవాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి, ఆ తర్వాత రాజీనామా చేయమని ప్రభుత్వం అడగవచ్చు. నిబంధనలు అలా ఉండేవి. మగవారికి ఆ షరతు లేదు. ఆమె పెళ్లి చేసుకోలేదు. హంగేరీకి రాయబారిగా వెళ్లారు. పదోన్నతిలో అన్యాయం జరిగిందని సుప్రీంకోర్టుకు వెళితే, 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ తన తీర్పులో ఆ నిబంధనలను తీవ్రంగా తప్పుపట్టారు. పెళ్లి చేసుకుంటే ఉద్యోగం ప్రశ్నార్థకమైన కాలం అది. ఇవాళ మీ అమ్మాయికి ఆ భయం లేదు. కాబట్టి ఆమె వద్దంటే ఉద్యోగం కోసం కాదు, వేరే కారణం ఉంటుంది. సంబంధాలు పక్కనపెట్టి ఒక ఆదివారం ఆ అమ్మాయి ఉండే ఊరు వెళ్లండి. ఆమె వండిన అన్నం తిని రండి. ఎలా బతుకుతోందో చూశాక మీరు అడిగే ప్రశ్నే మారుతుంది.

ప్రశ్న: విడాకులై నాలుగేళ్లయింది, పిల్లలు లేరు. మా ఆఫీసులో ప్రతి పండగకూ డ్యూటీ నాకే. సద్దుల బతుకమ్మ రోజు కూడా రాత్రి 9 దాకా ఉన్నాను. అడిగితే "మీకు ఇంట్లో ఎవరూ లేరు కదా" అన్నారు.
— ఒక పాఠకురాలు, హన్మకొండ

జవాబు: నోటితో అడిగితే నోటితోనే కొట్టేస్తారు. కాగితం మీద పెట్టండి. గడిచిన రెండేళ్ల పండగ రోజుల్లో ఎవరెవరు డ్యూటీ చేశారో పట్టిక వేసి, వచ్చే ఏడాదికి వంతుల వారీ పట్టిక ఒకటి తయారుచేసి, రెండూ కలిపి పై అధికారికి ఇవ్వండి. మా బ్రాంచిలో నేను అదే చేశాను. ఎవరూ కాదనలేకపోయారు, నా పేరు వరసగా పదకొండు పండగలకు ఉంది మరి. వచ్చే ఏడాది సద్దుల రోజు సెలవుకు ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. కారణం దగ్గర "బతుకమ్మ" అని రాయండి. బతుకమ్మను పేర్చడానికి ఇంట్లో ఇంతమంది ఉండాలని ఎవరూ అనలేదు.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. భర్త పోయి తొమ్మిదేళ్లు, పిల్లలు లేరు. బట్టల దుకాణంలో లెక్కలు రాస్తాను. పిత్తాశయంలో రాళ్లు, ఆపరేషన్ చేయాలన్నారు. డబ్బు సర్దుకున్నాను. ఆస్పత్రి కౌంటరులో భర్తగానీ కొడుకుగానీ వచ్చి సంతకం పెట్టాలన్నారు. ఎవరూ లేరని చెప్పడానికి సిగ్గేసి, మళ్లీ వస్తానని వచ్చేశాను. రెండు నెలలయింది. నొప్పి వస్తూనే ఉంది.
— ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ఇంక ఒక్క రోజు కూడా ఆగకండి. మీ ఒంటికి ఆపరేషన్ చేయడానికి కావలసింది మీ అంగీకారం. దీని మీద 2008లో సుప్రీంకోర్టు స్పష్టంగా తీర్పు చెప్పింది. ఢిల్లీలో 44 ఏళ్ల అవివాహిత పరీక్ష కోసమని ఒప్పుకుని మత్తులో ఉండగా, బయట ఉన్న ఆమె తల్లి అంగీకారం తీసుకుని గర్భసంచి తొలగించారు. ప్రాణం మీదికి వచ్చిన పరిస్థితి కానప్పుడు, వయసొచ్చిన స్త్రీ విషయంలో కన్నతల్లి అంగీకారం కూడా చెల్లదని కోర్టు తేల్చింది.

ఆస్పత్రులు వెంట ఒక మనిషిని అడిగేది మందులు తేవడానికి, అవసరమైతే కబురు చెప్పడానికి. ఆ మనిషి భర్తో కొడుకో కానక్కర్లేదు. కౌంటరులో కుదరకపోతే నేరుగా సర్జన్‌తో మాట్లాడండి. ఫారంలో బంధుత్వం అన్న చోట "స్నేహితురాలు" అని రాయండి. ఒక సంచిలో పాత రిపోర్టులు, వాడే మందుల చీటీ, ఆధార్, బీమా కార్డు ఉంటే అది, ఫోను చార్జరు పెట్టుకోండి. ఇంటి తాళంచెవి వెంట వచ్చే మనిషికి ఇవ్వండి.

ఆ మనిషి ఎవరా అని ఆలోచిస్తూ మరో నెల గడపకండి. నేనూ విజయవాడలోనే ఉంటాను. ఆపరేషన్ తేదీ, ఆస్పత్రి పేరు పత్రిక చిరునామాకు రాయండి. తెల్లవారుజామున అయినా వస్తాను. ఫ్లాస్కు నేను తెస్తాను.