కచేరీకి ముందు చేతులు వణుకుతున్నాయి... మాత్ర ఎప్పుడు వేసుకోవాలి?

ప్రశ్న: నా వయసు 34. చాలా ఏళ్లుగా వయొలిన్ కచేరీలు చేస్తున్నాను. వేదిక ఎక్కడానికి అరగంట ముందు నుంచే గుండె దడ, నోరు ఎండిపోవడం, కమాను పట్టిన చేయి వణకడం మొదలవుతాయి. తోటి కళాకారుడు ఇచ్చిన ప్రొప్రనొలోల్ మాత్ర కొన్ని కచేరీలకు వేసుకుంటే వణుకు బాగా తగ్గింది. త్వరలో పెద్ద కార్యక్రమం ఉంది. మాత్ర ఎన్ని గంటల ముందు, ఎంత మోతాదులో వేసుకోవాలి? ఆ రోజు ఏం తినాలి? దుమ్ము పడక అప్పుడప్పుడు ఆయాసం వస్తే ఇన్‌హేలర్ వాడతాను. అంతకు మించి జబ్బులేమీ లేవు.

జవాబు: మీ ఉత్తరంలో నాకు ఆందోళన కలిగించింది చివరి రెండు వాక్యాలు. ఆయాసానికి ఇన్‌హేలర్ వాడుతూ, అంతకు మించి జబ్బులేమీ లేవని తేలికగా రాశారు. మోతాదు సంగతి పక్కన పెట్టి ముందుగా దీన్ని తేల్చుకోవాలి. మీకు ఆస్తమా ఉందో లేదో మిమ్మల్ని పరీక్షించకుండా నేను నిర్ధారించలేను. అయితే ఆ అవకాశం ఉన్నంత వరకు, మీ వైద్యులు స్వయంగా చూసి అనుమతిస్తే తప్ప, రాబోయే కార్యక్రమానికైనా సరే ఆ మాత్ర వేసుకోవద్దు.

కారణం చెబుతాను. భయం కలిగినప్పుడు విడుదలయ్యే అడ్రినలిన్, బీటా గ్రాహకాల (కణాల మీద ఉండి ఇలాంటి రసాయనాల సంకేతాలను అందుకునే భాగాల) ద్వారా గుండె వేగాన్ని, చేతి కండరాల వణుకును పెంచుతుంది. ప్రొప్రనొలోల్ ఆ గ్రాహకాలను అడ్డుకుంటుంది కనుక దడ, వణుకు తగ్గుతాయి. కానీ అది గుండె మీద మాత్రమే పనిచేసే మందు కాదు. శ్వాసనాళాలు తెరుచుకుని ఉండటానికి తోడ్పడే గ్రాహకాలను కూడా అడ్డుకుంటుంది కాబట్టి, ఆస్తమా ఉన్నవారిలో శ్వాసనాళాలు ఒక్కసారిగా బిగుసుకుపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఆ క్షణంలో మీరు ఇన్‌హేలర్ పీల్చినా, అందులో ఉండేది సాల్బుటమాల్ (శ్వాసనాళాలను త్వరగా తెరిచే మందు) అయితే, అది పనిచేయవలసిన చోటునే మాత్ర అప్పటికే ఆక్రమించి ఉంటుంది గనుక, మామూలుగా దొరికే ఉపశమనం దొరకకపోవచ్చు. ఇదివరకు వేసుకున్నప్పుడు ఏమీ కాలేదు కదా అని మీరు అనుకోవచ్చు. ఆయాసం లేని రోజున ఏమీ కాకపోవడం, దుమ్ము పట్టిన తెరల మధ్య, కృత్రిమ పొగ వదిలే వేదిక మీద కూడా ఏమీ కాదనడానికి హామీ కాదు.

ఇందులో ఇంకొక మెలిక ఉంది. సాల్బుటమాల్ ఇన్‌హేలర్ వల్ల కూడా చేతులు వణుకుతాయి, గుండె దడ వస్తుంది. మీరు వాడేది ఏ ఇన్‌హేలరో, ముందుజాగ్రత్తగా కచేరీకి ముందు దాన్ని పీలుస్తున్నారో లేదో రాయలేదు. పీలుస్తున్నట్లయితే మీ వణుకులో కొంత భాగం భయానిది కాక ఇన్‌హేలర్‌ది కావచ్చు. అలాగని ఇన్‌హేలర్‌ను మీ అంతట మీరు మానేయకండి, అది ఇంకా ప్రమాదం. ఇంట్లో ఒంటరిగా సాధన చేస్తున్నప్పుడు కూడా చేయి వణుకుతుంటే, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, కుటుంబంలో వంశపారంపర్యంగా వచ్చే వణుకు వంటి కారణాలను కూడా చూడాలి.

సొంత వైద్యం గురించి కొంచెం గట్టిగానే చెప్పాలి. ఈ అలవాటు మీ ఒక్కరిదే కాదు. 1987లో అమెరికాలోని ఆర్కెస్ట్రా కళాకారులపై జరిపిన సర్వేలో దాదాపు 27 శాతం మంది బీటా బ్లాకర్లు (ప్రొప్రనొలోల్ ఈ కోవలోదే) వాడినట్లు చెప్పారు, వారిలో చాలామంది ప్రిస్క్రిప్షన్ లేకుండానే వాడారు. శ్రుతి సరిచూసుకోకుండా మరొకరి వాద్యాన్ని వేదిక మీదికి తీసుకువెళ్లని మీరు, మరొకరికి రాసిన మందును ఏ పరీక్షా లేకుండా ఎలా మింగారు? మాత్ర ఇచ్చిన ఆ కళాకారుడు మీకు ఆయాసం ఉందా అని అడిగి ఉండరు. గుండె నెమ్మదిగా కొట్టుకునేవారికి, రక్తపోటు తక్కువగా ఉండేవారికి, రక్తపోటుకు, గుండె జబ్బులకు ఇచ్చే వెరాపమిల్ వంటి మందులు వాడేవారికి కూడా ఇది కీడు చేయవచ్చు. ఇన్సులిన్ తీసుకునేవారిలో చక్కెర పడిపోతున్నట్లు హెచ్చరించే దడను, వణుకును ఇది కప్పిపుచ్చుతుంది. కొందరికి వేళ్లు చల్లబడతాయి, వయొలిన్ వాయించేవారికి అది చిన్న ఇబ్బంది కాదు. మందు చెడ్డదని నేను అనడం లేదు, తగినవారికి వైద్యులే దీన్ని రాస్తారు. ఇదే మందును రక్తపోటుకో మైగ్రేన్‌కో రోజూ వాడుతున్నవారు ఇది చదివి అకస్మాత్తుగా ఆపేయకూడదు. దీనికి బదులుగా మద్యమో, నిద్రమాత్రో తీసుకుందామనే ఆలోచన కూడా వద్దు, అవి వేళ్ల మీద పట్టును దెబ్బతీస్తాయి.

ఆహారం విషయానికి వస్తే, మీకు అలవాటైన తేలికపాటి భోజనం రెండు గంటల ముందు ముగించండి. ఖాళీ కడుపుతో ఉంటే వణుకు పెరగవచ్చు. కాఫీ రోజూ తాగే దానికంటే ఎక్కువ వద్దు. నీళ్లు గుక్కలు గుక్కలుగా తాగుతూ ఉండండి. దుమ్ము పడక జలుబు మాత్రలు కూడా వేసుకుంటుంటే, వాటిలో కొన్ని నోటిని ఎండబెడతాయని గుర్తుంచుకోండి. వేళ్లు చల్లగా ఉంటే గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచి, నెమ్మదైన, దీర్ఘమైన కమాను కదలికలతో మొదలుపెట్టండి.

వీటన్నిటికంటే ఎక్కువ మేలు చేసేది కార్యక్రమానికి కొన్ని వారాల ముందు నుంచి చేసే సాధన. ఆ రోజు వేసుకోబోయే దుస్తుల్లోనే నలుగురైదుగురి ఎదుట, తప్పు దొర్లినా ఆగకుండా కచేరీ మొత్తం వాయించి చూడండి. పీల్చే సమయం కంటే వదిలే సమయం ఎక్కువగా ఉండేలా నెమ్మదిగా ఊపిరి తీయడం రోజూ ఐదు నిమిషాలు అభ్యసించండి, వేదిక పక్కన నిలబడి కొత్తగా మొదలుపెడితే అది అంతగా పనిచేయదు. అప్పటికీ భయం తగ్గకపోతే సైకాలజిస్టు దగ్గర కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (భయాన్ని పెంచే ఆలోచనలను, అలవాట్లను మార్చే చికిత్స) చేయించుకోవచ్చు, వేదిక భయానికి అది ఉపయోగపడుతుంది.

ఈ జవాబు వైద్య పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. మాత్రల స్ట్రిప్‌ను, ఇన్‌హేలర్‌ను రెండింటినీ తీసుకుని ఈ వారమే ఫిజీషియన్‌ను గానీ, పల్మనాలజిస్టును (ఊపిరితిత్తుల వైద్యుణ్ని) గానీ కలవండి. నాడి, రక్తపోటు, స్పైరోమెట్రీ (గాలి ఊదించి ఊపిరితిత్తుల పనితీరు చూసే పరీక్ష), థైరాయిడ్, అవసరమైతే ఈసీజీ చూసి వారు నిర్ణయిస్తారు. ఒకవేళ ఎప్పుడైనా ఆ మాత్ర వేసుకున్న తర్వాత పిల్లికూతలు, ఛాతీ బిగపట్టినట్లు ఉండటం, కళ్లు తిరగడం వంటివి కనిపిస్తే, కార్యక్రమం ముగిసేదాకా ఆగకుండా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లి, వేసుకున్న మాత్ర పేరు అక్కడి వైద్యులకు మొదటే చెప్పండి.