ఉపగ్రహ పటంలో మా మడి మునిగినట్లు ఎందుకు లేదు?

ప్రశ్న: తుపాను వానలకు గోస్తనీ పొంగి మా వరి మడిలో నాలుగు రోజులు మోకాలి లోతు నీరు నిలిచింది. పంట పొట్ట దశలో ఉంది, ఆకులు నీటిపైకి కనిపిస్తూనే ఉన్నాయి. పక్కన ఆలస్యంగా నాటిన మడి పూర్తిగా మునిగింది. ఉపగ్రహ పటంలో ఆ మడి ముంపులో ఉందని, మాది లేదని అంటున్నారు. అన్ని రోజులూ దట్టమైన మబ్బే. ఆ పటాన్ని నమ్మవచ్చా?
– ఒక రైతు, పద్మనాభం మండలం, విశాఖపట్నం జిల్లా

జవాబు: పటమూ అబద్ధం కాదు, మీ నష్టమూ అబద్ధం కాదు.

మబ్బుల్లో వాడేది మామూలు కెమెరా కాదు, రాడార్. అది సూర్యకాంతి కోసం ఎదురుచూడదు. తానే తరంగాలను నేలకు పంపి, తిరిగి వచ్చినదాన్ని కొలుస్తుంది. ఐరోపా వారి సెంటినెల్-1 ఉపగ్రహం వాడే తరంగం పొడవు సుమారు 5.5 సెంటీమీటర్లు. మబ్బులోని సన్నని తుంపరలు దానికి అడ్డు కావు. ఇస్రో 2022 ఫిబ్రవరి 14న పంపిన ఈఓఎస్-04 కూడా ఈ కోవలోదే. సెంటినెల్ తిరిగే దాదాపు 700 కిలోమీటర్ల ఎత్తు నుంచి మడిని విడిగా గుర్తించాలంటే కొన్ని కిలోమీటర్ల పొడవైన యాంటెన్నా కావాలి. ఉన్నది 12 మీటర్లే. ఉపగ్రహం సాగిపోతూ దారి పొడవునా అందుకున్న సంకేతాలన్నిటినీ కంప్యూటర్ కలిపి ఆ లోటు తీరుస్తుంది. దీన్నే సింథటిక్ అపర్చర్ రాడార్ అంటారు.

ఇక మీ మడి సంగతి. చెరువు మీదికి పెంకును ఏటవాలుగా విసిరితే ముందుకే ఎగిరిపోతుంది, వెనక్కి రాదు. నిలకడ నీటిపై పడిన రాడార్ తరంగమూ అంతే. అందుకే పటంలో నీరు నల్లగా ఉంటుంది. మీ పక్క మడి అలా నల్లబడింది. మీ మడిలో పైరు నీటిపైన నిలిచి ఉంది. తరంగం నీటిని తాకి, నిలువు కాడకు కొట్టుకుని మళ్లీ ఉపగ్రహం వైపే మళ్లితే మడి మరింత తెల్లగా పడుతుంది. పైరు గుబురుగా ఉంటే తరంగం ఆకుల దగ్గరే చెదిరిపోయి, కింద నీరుందన్న కబురే పైకి చేరదు. నల్లటి మచ్చలను మాత్రమే ఏరే లెక్కకు మీ మడి మునగని పొలమే.

విశాఖ తీరానికి ఆవల నిలిచిన ఓడలను పట్టే పద్ధతి దీనికి తిరగబడి ఉంటుంది. నల్లటి సముద్రంలో ఇనుప ఓడ తెల్లటి చుక్కగా మెరుస్తుంది, ఆ చుక్కను చుట్టుపక్కల వెలుగుతో పోల్చి ఓడ అని తేలుస్తారు. అర ఎకరం మడిలో అంత సులువు కాదు. పటంలో ఒక్కో గడి 10 మీటర్లు, అర ఎకరానికి ఇరవై గడులే. గట్టు మీది తాటిచెట్లు తెల్లగా మెరిసి వాటిలో కొన్నిటిని పాడుచేస్తాయి. గాలికి అలలు లేచినా నలుపు చెదురుతుంది. తుపాను రోజుల్లో గాలి లేని ఘడియ ఎక్కడిది? పైగా సెంటినెల్ ఉపగ్రహం ఒక్కొక్కటి అదే దారిలో మళ్లీ వచ్చేది 12 రోజులకు. ఈలోపు నీరు దిగితే అది చూడనే చూడదు.

కాబట్టి గట్టిగానే చెబుతున్నాను: ముందు ఏ ఊరికి పరుగెత్తాలో చెప్పడానికి ఈ పటం అమూల్యం. ఫలానా రైతుకు నష్టం లేదని తేల్చడానికి మాత్రం చాలదు. పొలం చూడమని రైతు సేవా కేంద్రంలో రాతపూర్వకంగా అడగండి, ఈ-పంట నమోదు వివరాలు జతచేయండి. నీరు దిగాక కాడల మీద బురద చార మిగులుతుంది. దాని పక్కన స్కేలు పెట్టి, లొకేషన్, తేదీ పడేలా ఫోటో తీయండి. మళ్లీ వాన పడితే కడుక్కుపోతుంది, ఈ రోజే తీయండి. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన నైసార్ రాడార్ ఉపగ్రహానికి 24 సెంటీమీటర్ల తరంగం కూడా ఉంది. అది పైరులోంచి మరింత కిందికి దిగుతుంది. మీలాంటి మడులకు దానివల్ల మేలు జరుగుతుందని నా ఆశ.

పైరు విషయానికి వస్తే, మిగిలిన నీటిని వెంటనే బయటికి తీయండి. నీటి మట్టం దగ్గర కాడలపై బూడిద రంగు మచ్చలు కనిపిస్తే పాముపొడ తెగులు. లీటరు నీటికి హెక్సాకొనజోల్ 2 మి.లీ. కలిపి కాడలు తడిసేలా పిచికారీ చేయండి. ఆకుల అంచులు పసుపెక్కి ఎండుతుంటే అది బ్యాక్టీరియా ఎండాకు తెగులు. అప్పుడు యూరియా ఆపండి, ఆ మడి నీటిని పక్క మడిలోకి పారనివ్వకండి.