టెక్ సందేహాలు: ఇంట్లో సర్వర్ నడుస్తోంది, బయటివాళ్లకు ఎందుకు రాదు?

మాది కడప. పాత డెస్క్‌టాప్‌లో మైన్‌క్రాఫ్ట్ జావా సర్వర్ పెట్టినా. ఇంట్లో తమ్ముని ల్యాప్‌టాప్‌లో బాగానే వస్తాంది. రౌటర్‌లో 25565 పోర్ట్ ఫార్వర్డ్ (బయటి నుంచి వచ్చేదాన్ని సర్వర్ మెషీన్‌కు పంపే రూల్) కూడా చేసినా. హైదరాబాద్‌లో ఉన్న ఫ్రెండ్‌కు మాత్రం ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అంటాంది. ఫైర్‌వాల్ ఆఫ్ చేసినా, విండోస్ మళ్లీ ఎక్కించినా. ఇంకేం చేయాల సార్?

ముందు ఫైర్‌వాల్ మళ్లీ ఆన్ చేయండి. అప్పటికీ తమ్ముడికి వస్తోందంటే సర్వర్, జావా, ఫైర్‌వాల్ మూడూ బాగున్నట్టే. వాటిని ఇంక కదిలించొద్దు. తేడా మీ రౌటర్ దగ్గరో, దానికి అవతలో ఉంది.

ఎర్రర్‌లోని మాటే సగం దారి చూపిస్తుంది. ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వస్తే ప్యాకెట్ (నెట్‌లో పోయే డేటా ముక్క) ఏదో ఒక మెషీన్ దాకా చేరింది, అక్కడ ఆ పోర్ట్ మీద వినేవాళ్లు లేరు. అంటే సర్వర్ ఆఫ్ అయి ఉండొచ్చు, లేదా ఫార్వర్డ్ వేరే పోర్ట్‌కు పోతుండొచ్చు. ‘టైమ్డ్ అవుట్’ అలా కాదు. ప్యాకెట్‌ను దారిలో ఎవరో చప్పుడు చేయకుండా పారేశారు. మీకు వచ్చేది ఈ రెండోది.

ఇప్పుడు రెండు నిమిషాల పరీక్ష. బ్రౌజర్‌లో 192.168.1.1 కొట్టి రౌటర్ పేజీలోకి వెళ్లి, స్టేటస్‌లో వాన్ ఐపీ (బయటి వైపు రౌటర్‌కున్న అడ్రస్) అని ఉన్న నంబర్‌ను కాగితం మీద రాసుకోండి. తర్వాత గూగుల్‌లో ‘వాట్ ఈజ్ మై ఐపీ’ అని వెతికి, వచ్చిన నంబర్‌ను దాని కిందే రాయండి. రెండూ ఒకటైతే మీకు సొంత పబ్లిక్ ఐపీ, అంటే బయటి నుంచి నేరుగా మీ ఇంటికి చేరే అడ్రస్, ఉంది. వేరైతే మీరు ఈ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా లాభం లేదు.

వేరై, వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే అది సీజీనాట్. ఐపీ అడ్రస్‌లు చాలక, ఇంటర్నెట్ కంపెనీలు తమ దగ్గర ఇంకో పెద్ద రౌటర్ పెట్టి ఒక్క పబ్లిక్ ఐపీని ఎన్నో ఇళ్లకు పంచుతాయి. అందుకోసమే 2012లో ఆ నంబర్ల వరసను పక్కన పెట్టారు. కొన్ని కంపెనీలు 10తో మొదలయ్యేవీ ఇస్తాయి. మీరు లోపలి నుంచి యూట్యూబ్ అడిగితే జవాబు ఎవరింటికి పంపాలో ఆ పెద్ద రౌటర్‌కు గుర్తుంటుంది. మీ స్నేహితుడు బయటి నుంచి తనంతట తాను వచ్చి తలుపు కొడితే ఎవరిల్లో దానికి తెలియదు, అందుకే పారేస్తుంది. మీ రౌటర్‌లోని ఫార్వర్డ్ రూల్ దాకా విషయం రానే రాదు.

వాన్ ఐపీ 192.168తో మొదలైతే మాత్రం ముందు ఇంట్లోనే వెతకండి. ఫైబర్ వాళ్లు ఇచ్చిన ఓఎన్‌టీకి (ఫైబర్ తీగ వచ్చి కలిసే పెట్టెకు) మీరు కొన్న వైఫై రౌటర్ తగిలించి ఉంటారు, రెండూ రౌటర్ పనే చేస్తుంటాయి. మీ రౌటర్‌ను యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (వైఫై మాత్రమే ఇచ్చేలా) మార్చి, ఫార్వర్డ్ రూల్‌ను ఓఎన్‌టీలో పెట్టండి. తర్వాత అదే పరీక్ష ఓఎన్‌టీ పేజీలో మళ్లీ చేయండి.

సీజీనాట్ అని తేలితే నా సలహా: నలుగురైదుగురు తెలిసినవాళ్లే ఆడుకుంటుంటే టెయిల్‌స్కేల్ వేసుకోండి. దూరంగా ఉన్న కంప్యూటర్లను ఒకే ఇంటి నెట్‌వర్క్‌లో ఉన్నట్టు కలిపే ప్రోగ్రామ్ అది. అందరూ తమ కంప్యూటర్లలో అది ఎక్కించాలి, మీరు సర్వర్ మెషీన్‌ను వాళ్లతో షేర్ చేయాలి. వాళ్లు గేమ్‌లో సర్వర్ మెషీన్‌కు టెయిల్‌స్కేల్ ఇచ్చిన అడ్రస్ కొడతారు. రౌటర్‌ను ముట్టుకునే పనే లేదు. (ఆ అడ్రస్ కూడా 100తోనే మొదలవుతుంది, చూసి కంగారు పడొద్దు. సీజీనాట్ నంబర్ల వరసనే టెయిల్‌స్కేల్ వాళ్లూ వాడుకుంటారు.) స్నేహితులకు అది ఎక్కించే ఓపిక లేకపోతే ప్లేఇట్ లాంటి టన్నెల్ ప్రోగ్రామ్‌ను మీ సర్వర్‌లో మాత్రమే నడపండి. అది ఇచ్చిన అడ్రస్ వాళ్లకు పంపితే చాలు. ట్రాఫిక్ ఆ టన్నెల్ కంపెనీ మెషీన్ల మీదుగా చుట్టు తిరిగి వస్తుంది గనక పింగ్ (జవాబు రావడానికి పట్టే ఆలస్యం) కాస్త పెరుగుతుంది. ఇల్లు కట్టే ఆటకు పర్వాలేదు, కత్తులు దూసుకునే ఆటకు తెలిసిపోతుంది.

డబ్బు పెట్టగలిగితే ఫైబర్ ఆఫీసులో ‘స్టాటిక్ పబ్లిక్ ఐపీ’ అడగండి. నెలనెలా కొంత అదనంగా తీసుకుంటారు. ఇచ్చామన్నాక కాగితం మీది పరీక్ష మళ్లీ చేసి, రెండు నంబర్లూ కలిశాకే కట్టండి. అప్పుడు ఫార్వర్డ్ పనిచేస్తుంది. ప్రోటోకాల్ టీసీపీ, బయటి పోర్ట్, లోపలి పోర్ట్ రెండూ 25565. సర్వర్ మెషీన్‌కు డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌లో ఒకే లోపలి ఐపీ కట్టేయండి, లేకపోతే కరెంటు పోయి వచ్చిన రోజు ఆ ఐపీ మారి ఫార్వర్డ్ గాలికి పోతుంది. పనిచేస్తోందో లేదో ఇంటి వైఫై నుంచి పబ్లిక్ ఐపీ కొట్టి చూడొద్దు. చాలా రౌటర్లు లోపలి నుంచి తమ బయటి ఐపీకి తిరిగి రానివ్వవు. ఇంకో ల్యాప్‌టాప్‌ను ఫోన్ హాట్‌స్పాట్‌కు తగిలించి చూడండి.

అనంతపురం నుంచి. ఆరుగురం ఆడతాం. ఒకచోట ఉన్నంతసేపు బాగుంటాది, తలా ఒక దిక్కు పోతే కొట్టిన రాయి మళ్లీ వచ్చి కూర్చుంటాది. కన్సోల్‌లో ‘కాంట్ కీప్ అప్’ అని వస్తాంది. 8 జీబీలో 7 జీబీ సర్వర్‌కే ఇచ్చినా. 16 చేయించాల్నా?

ర్యామ్ కొనకండి. 8లో 7 ఇవ్వడమే మొదటి తప్పు. విండోస్‌కు ఏమీ మిగలక డిస్క్‌ను ర్యామ్‌లా వాడుకుంటుంది, అక్కడే అంతా ఆగిపోతుంది. సర్వర్ స్టార్ట్ లైన్‌లో ఎక్స్‌ఎంఎక్స్ (గరిష్ఠ ర్యామ్), ఎక్స్‌ఎంఎస్ (మొదట ఇచ్చే ర్యామ్) రెండింటికీ 4 జీబీ ఇవ్వండి.

సర్వర్ సెకనుకు 20 టిక్‌లు (ఆటను ముందుకు నడిపే అడుగులు) వేయాలి, అంటే ఒక్కో టిక్‌కు 50 మిల్లీసెకన్లు. ఆ లోపల పని తెమలక సర్వర్ బాగా వెనకబడితే మీరు చూసిన మెసేజ్ వస్తుంది. పని ఎక్కడ పేరుకుంటోందో లెక్కేద్దాం. సర్వర్ ప్రాపర్టీస్ ఫైల్‌లో వ్యూ డిస్టెన్స్ (ఎంత దూరం దాకా కనిపించాలో) మామూలుగా 10 ఉంటుంది. మనిషికి నాలుగు వైపులా పదేసి చంక్‌లు (ఆటలోని నేలను విడగొట్టే చదరపు ముక్కలు), నడుమ ఒకటి. అంటే 21ని 21తో గుణిస్తే 441. ఆరుగురు ఆరు దిక్కులు పోతే 2,646. దాన్నే 6 చేస్తే ఒక్కొక్కరికి 169, ఆరుగురికి 1,014. సగం కంటే ఎక్కువ బరువు ఒక్క అంకెతో దిగింది. సిమ్యులేషన్ డిస్టెన్స్ 5 చేయండి. పైర్లు పెరగడం, జంతువులు తిరగడం దాని చేతిలో ఉంటాయి.

ఎవరూ అడుగు పెట్టని చోటుకు పోయినప్పుడు ఆ నేలను అప్పటికప్పుడు తయారు చేయడం అన్నిటికన్నా భారం. మామూలు సర్వర్ బదులు పేపర్ అనే సర్వర్ ప్రోగ్రామ్ వాడి, అందులో నేలను ముందే తయారు చేసే చంకీ ప్లగిన్ వేసి, స్పాన్ (ఆట మొదలయ్యే చోటు) చుట్టూ 2,000 బ్లాకుల వ్యాసార్థం రాత్రిపూట ముందే తయారు చేయించండి. డబ్బులు పెట్టేదుంటే హార్డ్‌డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించండి. ఈ ఆటలో ప్రధాన పని ఎక్కువగా ఒకే కోర్ మీద పడుతుంది. అందుకే పాత ఎనిమిది కోర్ల చిప్ కన్నా వేగమైన నాలుగు కోర్లదే మేలు.

ఇంకొకటి, అది అనంతపురం ఎండల సంగతి. మే నెల మధ్యాహ్నం మాత్రమే నత్తనడకన సాగి, తెల్లవారుజామున బాగుంటే సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. టాస్క్ మేనేజర్‌లో పర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి చూడండి. ఆట నడుస్తుండగా స్పీడ్ అంకె బేస్ స్పీడ్ కంటే కిందికి పడుతుంటే ప్రాసెసర్ వేడికి తనంతట తాను తగ్గుతోంది. ఫ్యాన్‌లో దుమ్ము దులిపించి, హీట్‌సింక్ పేస్ట్ మార్పించండి.

ఆదోని నుంచి. సర్వర్ ఫైల్ నొక్కగానే ‘క్లాస్ ఫైల్ వెర్షన్ 65.0’ అని ఏదో వచ్చి మూసుకుపోతాంది.

65 అంటే జావా 21. మీ దగ్గర అంతకన్నా పాతది ఉంది. అదే ఎర్రర్‌లో రెండో అంకె కూడా ఉంటుంది, మీ దగ్గరున్న జావా ఏదో అది చెబుతుంది: 52 అయితే జావా 8, 61 అయితే జావా 17. మైన్‌క్రాఫ్ట్ 1.20.5 నుంచి 1.21 వరస వెర్షన్ల దాకా జావా 21 కావాలి. 64 బిట్‌దే దించుకోండి. తర్వాత మళ్లీ మూసుకుపోతే సర్వర్ ఫోల్డర్‌లోని యూలా (వాడకం ఒప్పందం) ఫైల్ తెరిచి ఫాల్స్‌ను ట్రూ చేయండి.

కర్నూలు. కరెంటు పోయినప్పుడల్లా సర్వర్ ఆరిపోయి, మొన్న కట్టిన కోటలో సగం మాయమైంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది.

ఇన్వర్టర్ ఉన్నా డెస్క్‌టాప్ రీస్టార్ట్ అవుతోందంటే అది మెయిన్స్ నుంచి బ్యాటరీకి మారడానికి ఎక్కువ సమయం తీసుకుంటోంది. చాలా ఇన్వర్టర్లకు యూపీఎస్ మోడ్ అని ఒక స్విచ్ ఉంటుంది, అందులో పెట్టి చూడండి. ఓఎన్‌టీ, రౌటర్‌లకు చిన్న డీసీ యూపీఎస్ చాలు. కొనేముందు అడాప్టర్ మీద రాసిన ఓల్టులు, ఆంపియర్లు చూసుకోండి. అసలు సర్వర్‌నే పాత ల్యాప్‌టాప్‌లోకి మారిస్తే దాని బ్యాటరీయే యూపీఎస్.

సర్వర్‌ను ఆపేటప్పుడు కన్సోల్‌లో ‘స్టాప్’ అని కొట్టి ఆపండి, విండో మూలన ఇంటూ గుర్తు నొక్కి కాదు. రోజూ ఒకసారి ‘సేవ్-ఆఫ్’, ‘సేవ్-ఆల్’ కొట్టి, వరల్డ్ ఫోల్డర్‌ను వేరే డిస్క్‌లోకి కాపీ చేసుకుని, ‘సేవ్-ఆన్’ కొట్టండి. చాలామంది ఈ చివరిది మరిచిపోతారు, ఆ తర్వాత ఆడిందేదీ తనంతట సేవ్ కాదు.

కర్నూలు నుంచే, ఒక తండ్రి. మా పిల్లోడు గేమ్ కోసం రౌటర్‌లో ఏదో తెరిచినాడంట. ఇంట్లో బ్యాంకు పనులు కూడా అదే వైఫైలో చేస్తాం. ప్రమాదమా?

ఒక్క పోర్ట్ తెరిస్తే ఆ ఒక్క ప్రోగ్రామ్ మాత్రమే బయటికి కనిపిస్తుంది. కాకపోతే 25565 ఎక్కడ తెరిచి ఉందా అని ఇంటర్నెట్ అంతా జల్లెడ పట్టే ప్రోగ్రాములు ఉంటాయి, ముక్కూమొహం తెలియనివాళ్లు వస్తారు. వైట్‌లిస్ట్ ఆన్ చేసి స్నేహితుల పేర్లే పెట్టమనండి. వచ్చేవాళ్ల ఖాతా అసలుదేనా అని సరిచూసే ఆన్‌లైన్ మోడ్ ట్రూ మీదే ఉండాలి, ఫాల్స్ చేస్తే ఎవడైనా మీవాడి పేరుతోనే లోపలికి వచ్చి పెత్తనం చేస్తాడు. 1.18.1 కంటే పాత సర్వర్ నడుపుతుంటే ఈరోజే మార్పించండి. 2021 డిసెంబర్‌లో లాగ్‌ఫోర్‌జే అనే, లాగ్‌లు రాసే జావా భాగంలో బయటపడిన లోపం వల్ల, అలాంటి వెర్షన్లలో చాట్‌లో ఒక్క లైను రాసి అవతలి కంప్యూటర్‌నే చేతిలోకి తీసుకునే వీలుండేది.

రౌటర్‌లో డీఎంజెడ్ అనే చోట ఆ కంప్యూటర్ ఐపీ పెట్టి ఉంటే మాత్రం వెంటనే తీయించండి. పోర్ట్ ఫార్వర్డ్ కిటికీ అయితే అది ఆ కంప్యూటర్‌కున్న తలుపులన్నీ బార్లా తీసి పెట్టడమే.