కత్తి తగిలిందని చెప్పవలసింది దెబ్బ తిన్నవాడే

ప్రశ్న: "పిట్స్‌బర్గ్‌కు కొత్తగా వచ్చాను. మా ఆఫీసులో ఒకాయన వారాంతాల్లో ఇనుప శిరస్త్రాణం పెట్టుకుని మధ్యయుగాల కత్తియుద్ధాలకు వెళ్తాడు. నన్నూ రమ్మంటున్నాడు. దెబ్బలు నిజంగా తగులుతాయా, లేక నాటకమా? యూరప్ చరిత్ర పెద్దగా తెలియని మనవాళ్ళకు అక్కడ ఏమి పని?"

జవాబు:

తగులుతాయి. ఎవరు గెలవాలో ముందే అనుకుని ఆడే నాటకం కాదది. మొదటి నెలల్లో నా తొడల మీద కమిలిన మచ్చలు చూసి మా ఆవిడ, నాకు నిజంగానే ఆఫీసు తర్వాత వేరే వ్యాపకం ఉందా లేక ఎక్కడైనా గొడవల్లో దూరుతున్నానా అని అనుమానపడింది. అదే ఊరి చుట్టుపక్కల కొన్నేళ్ళుగా ఈ సరదాలో ఉన్నవాణ్ణి కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

మీ సహోద్యోగి చెప్పేది బహుశా సొసైటీ ఫర్ క్రియేటివ్ అనాక్రనిజం గురించి అయి ఉంటుంది. అందరూ ఎస్సీయే అంటారు. 1966 మే 1న కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో, తర్వాత నవలా రచయిత్రిగా పేరు తెచ్చుకున్న డయానా పాక్సన్ ఇంటి పెరట్లో కొందరు స్నేహితులు పాతకాలపు దుస్తులు వేసుకుని కత్తిపోటీ పెట్టుకున్నారు. పోటీ అయ్యాక ఇరవయ్యో శతాబ్దానికి నిరసన తెలుపుతూ వీధిలో ఊరేగింపుగా వెళ్ళారు. ఒక్కరోజు వేడుక అనుకున్నది ఆగలేదు. ఇప్పుడు అమెరికా, కెనడా, యూరప్, ఆస్ట్రేలియాలను 20 "రాజ్యాలు"గా పంచుకున్నారు. పిట్స్‌బర్గ్ ఏథెల్‌మార్క్ అనే రాజ్యంలోకి వస్తుంది. రాజును ఓట్లతో ఎన్నుకోరు, కిరీటపు పోటీలో అందరినీ ఓడించినవారే గద్దెనెక్కుతారు. చాలా రాజ్యాల్లో ఆ వైభవం ఆరు నెలలే. ఆ తర్వాత మాజీ రాజుగారు కూడా అందరితో పాటు గుడారం మేకులు కొట్టుకోవలసిందే.

కత్తి ఉక్కుది కాదు, పేముది. కనీసం ఒకటింపావు అంగుళం మందమున్న పేము బెత్తానికి పిడి బిగించి పైన డక్ట్ టేపు చుడతారు. మామూలు కర్ర విరిగితే మొనదేలిన చీలికలు వస్తాయి, అవి శిరస్త్రాణం కమ్మీల సందులోంచి కంట్లోకి పోవచ్చు. పేము నలిగి పీచుగా విడిపోతుందే తప్ప మొనదేలదు. శిరస్త్రాణం మాత్రం అసలైన ఉక్కే, కనీసం 16 గేజి మందమున్నది. మెడ, మూత్రపిండాలు, మోచేతులు, మోకాళ్ళు, చేతులు, మర్మస్థానం కప్పుకోకుండా మైదానంలోకి రానివ్వరు. మోకాలి కింద, మణికట్టు దాటి చేతి మీద కొట్టకూడదు.

మీరు ఒంటి మీద ఏమి వేసుకున్నా, లెక్కకు అందరూ ఒకే కవచంలో ఉన్నట్టు. మెత్త కుట్టిన అంగీ మీద ఇనుప గొలుసుల చొక్కా, ముక్కుకు మాత్రమే అడ్డున్న ఇనుప టోపీ. ఆ గొలుసులను ఛేదించేంత బలంగా దెబ్బ పడిందా అన్నదే ప్రశ్న. చేతికి తగిలితే ఆ చెయ్యి పోయినట్టే, రెండో చేత్తో పోరాడాలి. తొడకు తగిలితే మోకాళ్ళ మీద కూర్చుని పోరాడాలి. తలకో మొండేనికో గట్టిగా తగిలితే "గుడ్" అని పైకి చెప్పి పడిపోవాలి.

ఆ "గుడ్" చెప్పేది ఎవరన్నదే ఈ ఆటకు ప్రాణం. మైదానంలో మార్షల్ ఉంటాడు, కానీ అతను చూసేది భద్రత వరకే. ఎవరిదైనా పట్టీ ఊడినా, ఎవరైనా పడిపోయినా "హోల్డ్" అని అరిచి అందరినీ ఆపుతాడు. దెబ్బ సరైనదా కాదా అన్న తీర్పు అతనిది కాదు, దెబ్బ తిన్నవాడిది. వీడియో లేదు, అప్పీలు లేదు. దెబ్బలు ఎన్ని పడినా ఒప్పుకోని వాళ్ళను అక్కడ ఖడ్గమృగాలంటారు. వాళ్ళు గెలుస్తారు కూడా, కొన్నాళ్ళు. తర్వాత వాళ్ళతో సాధనకు నిలబడేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గిపోతారు.

దీనికి రెండో వైపు ఇంకా ముచ్చటైనది. ఒక పోటీలో నా దెబ్బ ఎదుటివాడి శిరస్త్రాణం మీద పడింది. కత్తి అంచు కాకుండా పక్కవాటు తగిలిందని నా చేతికి తెలుస్తూనే ఉంది. అతను ఒక్క క్షణం ఆగి "గుడ్" అన్నాడు. నేను కాదన్నాను, పక్కవాటు తగిలిందన్నాను. అతను తగిలిందన్నాడు. జనం చూస్తుండగా ఇద్దరు పెద్దమనుషులం ఎవరికి వారు ఓడిపోతామని కాసేపు వాదులాడుకున్నాం. చివరికి మళ్ళీ మొదలుపెట్టాం, రెండో దెబ్బకే అతను నన్ను పడగొట్టాడు. ఆఫీసులో ఏడాదికోసారి మన పనికి మనమే మార్కులు వేసుకునేటప్పుడు ఇలాంటి వాదన ఎవరైనా పెట్టుకోగా నేను చూడలేదు.

ఉక్కు ఆయుధాలతోనే కొట్టుకోవాలని ఉంటే దానికి బుహర్ట్ అనే వేరే ఆట ఉంది. మొద్దుబారిన ఉక్కు కత్తులు, గొడ్డళ్ళతో జట్లుగా కలబడతారు. నిలబడ్డవాడు నిలబడ్డట్టు, నేలకు ఒరిగినవాడు ఓడినట్టు. మనస్సాక్షితో పని లేదు, గురుత్వాకర్షణ చూసుకుంటుంది. బాటిల్ ఆఫ్ ద నేషన్స్ అనే అంతర్జాతీయ పోటీ 2010లో ఉక్రెయిన్‌లోని ఖోతిన్ కోట దగ్గర మొదలైంది. చూడటానికి అద్భుతంగా ఉంటుంది, కానీ నా వయసులో నేను దూరం నుంచే చప్పట్లు కొడతాను.

మీరు పిట్స్‌బర్గ్‌లో ఉన్నారు కాబట్టి పెన్సిక్ గురించి చెప్పాలి. ఈస్ట్, మిడిల్ అనే రెండు రాజ్యాల మధ్య 1972లో మొదలైన "యుద్ధం" ఇది. ఏటా వేసవి చివర రెండు వారాల పాటు, మీ ఊరికి ఉత్తరాన గంట ప్రయాణంలో ఉన్న స్లిప్పరీ రాక్ దగ్గర జరుగుతుంది. పది వేల మంది దాకా వస్తారు. గుడారాల ఊరు వెలుస్తుంది, వీధులుంటాయి, బజారుంటుంది, కమ్మరి కొలిమి పక్కనే నిమ్మరసం కొట్టు ఉంటుంది. ఓడిన రాజ్యం శిక్షగా పిట్స్‌బర్గ్‌ను తీసుకోవాలని పాత పరాచికం ఒకటి ఉంది. పెన్ హిల్స్ వేంకటేశ్వరస్వామి గుడి ఉన్న ఊరిని ఎవరూ వద్దనుకోవడం నాకు మింగుడుపడదు, కానీ పరాచికం మనకంటే ముందు నుంచీ ఉంది, ఏమి చేస్తాం.

ఇక "మనవాళ్ళకు ఏమి పని" అన్నారు. ఈ సంఘం పరిధి 1600కు ముందటి కాలం. ఆ కాలంలో బతికి ఉండగల ఒక మామూలు మనిషిని మీరు ఊహించుకుని, ఆ పేరుతో, ఆ వేషంతో తిరుగుతారు. యూరపు మనిషే కానక్కర్లేదు. నేను గోవా నుంచి గుర్రాలు తెచ్చే పోర్చుగీసు వర్తకులకూ విజయనగరానికీ మధ్య బేరాలు కుదిర్చే దుబాసీని. పోర్చుగీసులు గోవాను పట్టుకున్నది 1510లో, రాయలవారు ఏలింది 1509 నుంచి 1529 దాకా, కాబట్టి లెక్క సరిపోతుంది. వేషం కోసం ఎక్కువ వెతకనక్కర్లేకపోయింది. లేపాక్షి పైకప్పు చిత్రాల్లోని పొడవాటి కుళ్లాయిలు, అంగీలు చూసి కుట్టించుకున్నాను. విజయనగరం వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, మహర్నవమి నాటి కవాతులో సైనికులు పొరలు పేర్చి దళసరిగా కుట్టిన అంగీలు తొడుక్కున్నారని రాశాడు. యూరపు సైనికులు గొలుసు చొక్కా కింద తొడిగిందీ అలాంటిదే. దర్జీపని బాగా వచ్చిన ఒక సభ్యురాలు ఆ వర్ణన చదివి, నాకు అంగీ కుట్టడంలో సాయం చేసింది.

అదే పేస్, రాయలు రోజూ తెల్లవారకముందే నువ్వులనూనె తాగి, ఒంటికి పట్టించుకుని, మట్టి బరువులు ఎత్తి, ఆ నూనంతా చెమటగా పోయేదాకా కత్తి తిప్పి, ఆ తర్వాత కుస్తీ పట్టి గుర్రమెక్కేవాడని రాశాడు. సాధన మధ్యలో ఇది చెబితే అందరూ కళ్ళింతలు చేసుకుని విన్నారు. నూనె తాగుదామని మాత్రం ఎవరూ ముందుకు రాలేదు.

ఒక్క షరతు. మీరు శ్రీకృష్ణదేవరాయలు కాలేరు. చరిత్రలో నిజంగా ఉన్న వ్యక్తినని చెప్పుకోవడానికి అక్కడ వీల్లేదు. మన తెలుగు సంఘాలు భువనవిజయం వేసినప్పుడు రాయల వేషం కోసం జరిగే తెరవెనుక రాయబారాలు తెలిసినవాణ్ణి గనుక ఈ నియమం నాకు చాలా నచ్చింది. ఇంకో తేడా కూడా ఉంది. భువనవిజయానికి ప్రేక్షకులు ఉంటారు, ఇక్కడ ఉండరు. వచ్చిన ప్రతివాళ్ళూ వేషం వేయాల్సిందే, ఏదో ఒక పని పట్టుకోవాల్సిందే. ఒకరు పలకలతో పట్టీలు నేస్తారు, ఒకరు ఈకతో అక్షరాలు దిద్దుతారు, ఒకరు ఆరు వందల ఏళ్ళ నాటి వంటలు వండుతారు.

వంటల గురించి మీకు భయం ఉంటే, విందులో ఏ పదార్థంలో ఏముందో అడిగితే చెబుతారు. శాకాహారులకు పస్తు తప్పుతుంది. ఆ కాలపు యూరపు వంటలో మిరియాలు, అల్లం, జాపత్రి, పిప్పళ్ళు ధారాళంగా వాడేవారు. పిప్పళ్ళు వేసిన పులుసు యూరపు విందులో తింటాననీ, మా అమ్మమ్మ దగ్గు మందు గుర్తొస్తుందనీ నేనెప్పుడూ అనుకోలేదు. ఎటొచ్చీ మిరపకాయ, టమాటా, బంగాళాదుంప అమెరికా ఖండాల నుంచి వచ్చినవి కాబట్టి పక్కన పెట్టాలి. రాయల వంటశాలకూ ఇదే లెక్క. అందుకని నేను చింతపండు, మిరియాలు, జీలకర్రతో చారు కాచి తీసుకెళ్తాను. గిన్నె ఖాళీగా తిరిగొస్తుంది.

నన్ను నిజంగా కట్టిపడేసింది మాత్రం పొడుపుకథలు. రాత్రి మంట చుట్టూ కూర్చుని పాటలు, కథలు చెప్పుకుంటారు, మధ్యమధ్య పొడుపుకథలు విసురుకుంటారు. వాళ్ళకు మూలధనం ఎక్సెటర్ గ్రంథం. ఇంగ్లండులోని ఎక్సెటర్ కథీడ్రల్లో ఉన్న పదో శతాబ్దపు చేతిరాత పుస్తకం అది. 1072లో చనిపోయిన లియోఫ్రిక్ అనే బిషప్ దాన్ని అక్కడికి ఇచ్చాడు. అందులో 95 దాకా పొడుపుకథలు ఉన్నాయి, విప్పులు లేవు. కొన్నింటి మీద పండితులు ఇప్పటికీ తగువులాడుకుంటున్నారు. ఒకటి ఒక్క వాక్యమే: దారిలో వింత జరిగింది, నీళ్ళు ఎముకగా మారాయి. మంచుగడ్డ. మరొకదానిలో ఒక పురుగు మాటలను తినేస్తుంది, మహానుభావుల సూక్తులన్నీ మింగినా దానికి ఇసుమంత తెలివి రాదు. అలాంటివాళ్ళు మనకూ తెలుసు.

వాటిలో ఒకటి విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. దాని సారం ఇది. ఒక శత్రువు నా ప్రాణం తీశాడు, నీళ్ళలో ముంచాడు, పైకి తీసి ఎండలో పడేశాడు, నా వెంట్రుకలన్నీ పోయాయి, కత్తి నన్ను కోసింది, వేళ్ళు నన్ను మడిచాయి, పక్షి ఈక నామీద నల్లటి జాడలు వేస్తూ నడిచింది. అది పశువు తోలు మీద రాసిన పవిత్ర గ్రంథం. వింటుంటే మన పిడక కళ్ళముందుకు వచ్చింది:

అమ్మ కడుపున పడ్డాను, అంత సుఖాన ఉన్నాను,
నీచే దెబ్బలు తిన్నాను, నిలువునా ఎండిపోయాను,
నిప్పులగుండం తొక్కాను, గుప్పెడు బూడిదనైనాను.

ప్రాణంలేని వస్తువు నోరు తెరిచి తన కష్టాలు తానే వరసగా చెప్పుకోవడం, ఎక్కడో ఇంగ్లండు మఠంలోనూ మన పెరటి గోడ దగ్గరా ఒకేలా. మరునాటి రాత్రి దాన్ని ఇంగ్లీషులో చెప్పాను. మొదట ఇటుక అన్నారు. దెబ్బలు, ఎండ, నిప్పు అన్నీ సరిపోయాయి గానీ ఇటుక బూడిద కాదు. ఒకాయన కట్టె అన్నాడు. కట్టెను ఎవరూ చేత్తో తట్టరు. చివరికి మేకలు పెంచే ఒకావిడ మొదటి పాదం మళ్ళీ చెప్పించుకుని, నవ్వు ఆపుకోలేక విప్పు చెప్పేసింది. పిడక చూడని దేశంలో పిడక పొడవడం కొంచెం అన్యాయమే, అందుకే తర్వాత "కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు వేసినా చప్పుడు కావు" అని కనురెప్పల మీదికి వెళ్ళాను. అది ఇట్టే విప్పేశారు.

ఇక్కడా మైదానంలోని నీతే నడుస్తుంది. నేను అనుకోని జవాబు ఎవరైనా చెప్పి, అది ప్రతి పాదానికీ అతికితే, "గుడ్" అని నేనే ఒప్పుకోవాలి. పాత నార్స్ కథలో ఓడిన్ దేవుడు మారువేషంలో వచ్చి ఒక రాజుతో పొడుపుకథల పందెం వేసి, చివర్న, చనిపోయిన కొడుకును చితి మీద పెట్టేముందు అతని చెవిలో తాను ఏమి చెప్పానో విప్పమంటాడు. చెప్పినవాడికి తప్ప తెలియనిది అడిగితే అది పొడుపుకథ కాదు, దొంగదెబ్బ. దేవుడైనా మా మంట దగ్గర అది చెల్లదు.

చేరాలనుకుంటే ముందు మీ సహోద్యోగితో వారం మధ్యలో జరిగే సాయంత్రం సాధనకు మామూలు బట్టల్లోనే వెళ్ళండి. వేడుకలకు మాత్రం పాతకాలపు దుస్తులు తప్పనిసరి. అక్కడ గోల్డ్ కీ అని అడిగితే అరువు బట్టలు ఇస్తారు. హామీ పత్రం మీద సంతకం పెట్టిస్తారు, పోటీల్లో దిగడానికి ముందు మార్షళ్ళు పరీక్ష పెడతారు. తలకు పడే దెబ్బ తలకు పడే దెబ్బే, కాబట్టి ఇదివరకు తలకు గాయమైనా, కంటి రెటీనాకు ఇబ్బంది ఉన్నా డాక్టరును అడగకుండా దిగవద్దు. అలాంటివారికి సన్నకత్తి ఫెన్సింగ్, విలువిద్య ఉన్నాయి. ఖర్చు పాత సామానుతో కొన్ని వందల డాలర్లలో మొదలై, మోజు పెరిగేకొద్దీ వేలల్లోకి వెళ్తుంది.

ఇంటర్నెట్టులో మెరిసిపోయే శిరస్త్రాణాలు చూసి ఇప్పుడే కొనకండి. వాటిలో చాలా మటుకు మన దేశంలోనే తయారై ఎగుమతి అవుతాయి, అల్మరా మీద పెట్టుకోవడానికి బాగుంటాయి. కానీ 16 కంటే పలచనైన 18 గేజి రేకుతో చేసినది మార్షల్ తనిఖీలో నిలవదు. తలకొలత తీసుకుని, లోపలి మెత్త సరిచూసుకుని, ఎవరైనా అనుభవజ్ఞుడి చేత చూపించి కొనండి. అప్పటిదాకా ఎవరిదో ఒకరిది అరువు దొరుకుతుంది, వాళ్ళ చెమట వాసనతో సహా.