అక్క శ్రుతికి గిటారు కుదరాలంటే

ప్రశ్న: గిటారు పట్టి రెండేళ్లయింది. నెట్‌లో కార్డ్స్ (ఒకేసారి మోగించే స్వరాల గుంపులు) చూసుకుని జీ, ఈ మైనర్, సీ, డీలతో చాలా పాటలు లాగించేస్తున్నాను. మా అక్క పాడితే మాత్రం ఆమె శ్రుతికి నా వాయింపు కుదరడం లేదు. సరదాకి వాయించుకునేవాళ్లకి కూడా థియరీ కావాలా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: కొంచెం కావాలి. స్టాఫ్ నొటేషన్, మోడ్‌ల పేర్లు ఇప్పుడే అక్కర్లేదు. వాటితో మొదలుపెడితే విసుగొచ్చి గిటారు మూలకు చేరుతుంది. కార్డ్స్‌ని పేర్లతోనే గుర్తుపెట్టుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది. వరస నంబర్లతో గుర్తుపెట్టుకోండి.

అన్నిటికంటే లావు తీగ మీద 3వ ఫ్రెట్ (గిటారు మెడ మీది అడ్డకమ్మీల మధ్య గడి) నొక్కితే జీ. అక్కణ్నుంచి 5, 7, 8, 10, 12, 14, 15 ఫ్రెట్లు మీటుతూ పోండి. స రి గ మ ప ద ని స పలుకుతుంది, అచ్చంగా శంకరాభరణం స్వరాలు. (చివరి రెండు దగ్గర బాడీ అడ్డొచ్చి చెయ్యి ఇరుకవుతుంది, ఫర్వాలేదు.) ఫ్రెట్ల మధ్య దూరం 2, 2, 1, 2, 2, 2, 1. ఎక్కడ మొదలెట్టినా ఇదే లెక్క. ఈ స్వరాల మీద కట్టే కార్డ్స్‌లో 1, 4, 5 మేజర్. 2, 3, 6 మైనర్. ఏడోది డిమినిష్డ్, దాన్ని వదిలేయండి. అంటే మీరు వాయిస్తున్నది 1-6-4-5.

జీ అంటే ఐదు శ్రుతి. అక్కది ఆరు అయితే ఏ. కాపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు) 2వ ఫ్రెట్‌లో పెట్టి మీ పాత కార్డ్సే పట్టండి. ఆమెది నాలుగు శ్రుతి, అంటే ఎఫ్ అయితే? కాపో శ్రుతిని పెంచుతుందే గాని తగ్గించదు. నంబర్లు అక్కరకొచ్చేది ఇక్కడే. డీలో 1-6-4-5 అంటే డీ, బీ మైనర్, జీ, ఏ. ఇవి పట్టి కాపో 3వ ఫ్రెట్‌లో పెడితే సరి. ఒకే పాటను జీ, డీ, సీలలో మార్చి మార్చి వాయించండి. సీలో వచ్చే ఎఫ్ కార్డ్ మొదట్లో ఏడిపిస్తుంది.

ఒక్క హెచ్చరిక. రాగం పట్టుకుని కట్టిన పాటలకు ఈ లెక్క గుడ్డిగా వాడకండి. కల్యాణిలో వచ్చేది ‘ప్రతి మధ్యమం’, అంటే శంకరాభరణంలోని ‘మ’ కంటే ఒక ఫ్రెట్ పైది కాబట్టి, జీలో పాడుతుంటే మీరు పట్టే సీ కార్డ్ గొంతుతో గొడవపడుతుంది. అక్కడ రెండో కార్డ్‌ని మేజర్‌గా, అంటే ఏ మేజర్‌గా పట్టి చూడండి.

ప్రశ్న: కాపో పెట్టగానే ట్యూనింగ్ పోతోంది. గిటారులోనే లోపమా?
– ఒక పాఠకురాలు, ఆదోని

జవాబు: ముందు కాపో సంగతి చూడండి. స్ప్రింగు మరీ బిగుతైతే తీగలు సాగి స్వరం పైకి జరుగుతుంది. కాపోని రెండు ఫ్రెట్ కమ్మీల నట్టనడుమ కాకుండా, బాడీ వైపున్న ఫ్రెట్ కమ్మీకి ఆనీ ఆనకుండా, తిన్నగా పెట్టండి. వంకరైతే ఒకవైపు తీగలు జరజరమంటాయి. పెట్టాక మళ్లీ ట్యూన్ చేసుకోండి, తీసేశాక ఇంకోసారి.