పూల కేఫ్‌కి ముందు పూల మార్కెట్టు

ప్రశ్న: నమస్తే మేడం. మాది కడియపులంక, ఇంట్లో పూల వ్యాపారం. మా అమ్మాయి బ్యాంకాక్‌లో ఉద్యోగం చేస్తోంది. వచ్చే నెల నేనూ, మా అత్తయ్యగారూ వెళ్తున్నాం. అక్కడ పూల మార్కెట్టు దగ్గర ఒక పూల కేఫ్ ఉందట, తీసుకెళ్తానంటోంది. అత్తయ్యగారేమో "పొద్దున లేస్తే పూలే చూస్తాం, కాఫీ తాగడానికి కూడా పూల మధ్యకేనా?" అంటున్నారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు కూడా. వెళ్లడం దండగేనా?
- ఒక పాఠకురాలు

జవాబు: దండగ కాదమ్మా. కాకపోతే కేఫ్ ఒక్కటే చూసి వచ్చేస్తే అత్తయ్యగారి మాటే నెగ్గుతుంది. ముందు మార్కెట్టు చూపించండి, ఆ తర్వాతే కేఫ్.

మీ అమ్మాయి చెప్పింది బహుశా చక్రఫెట్ రోడ్డులోని 'ఫ్లోరల్ కేఫ్ ఎట్ నపసోన్' అయివుంటుంది. కింద పూలకొట్టు, పైన కేఫ్. కప్పు నుంచి ఎండుపూల గుత్తులు వేలాడుతుంటాయి. పాత ఇల్లు కాబట్టి మెట్లు ఎక్కాలి. అమ్మాయి ముందు ఒక్కతే వెళ్లి ఆ మెట్లు చూసి వస్తే, అత్తయ్యగారు ఎక్కగలరో లేదో తేలిపోతుంది. ఎక్కలేరనిపిస్తే బలవంతం చెయ్యకండి, కింద పూలకొట్టు కూడా చూడదగ్గదే.

అసలు సంగతి రోడ్డుకి అవతల ఉంది. పాక్ ఖ్లోంగ్ తలాత్ బ్యాంకాక్‌లోకెల్లా పెద్ద పూల మార్కెట్టు. 24 గంటలూ తెరిచే ఉంటుంది, జోరంతా అర్ధరాత్రి నుంచి తెల్లారేదాకా. సంచుల్లో బంతిపూలు, ఐసు మీద మల్లెమొగ్గలు, కట్టలు కట్టలుగా తామరమొగ్గలు, ఆర్కిడ్లు. తామరమొగ్గ రేకుల్ని ఒక్కొక్కటీ లోపలికి మడిచి, మొగ్గని విప్పారిన పువ్వులా చేసేస్తారు. ఆ చేతుల వేగం మీలాంటి వాళ్లు తప్పకుండా చూడాలి.

దండలు కట్టే తీరు మీ ఇద్దరికీ బాగా పట్టుబడుతుంది. మనం దారంతో ముడి వేసుకుంటూ కడతాం, మూర లెక్కన అమ్ముతాం. వాళ్లు పొడవాటి సూదికి మల్లెమొగ్గల్ని వరసలుగా గుచ్చి దారంలోకి దింపుతారు, దండ లెక్కన అమ్ముతారు. 'ఫువాంగ్ మలై' అంటారు వాటిని. చివర గులాబీతోనో సంపెంగతోనో కుచ్చు పెడతారు. ఆ కుచ్చుల దగ్గర తెల్లగా, మైనంతో చేసినట్టు కనిపించే చిన్న పూలని అత్తయ్యగారికి చూపించి ఏమిటో చెప్పమనండి. అవి జిల్లేడు పూలు. మన దగ్గర వినాయకుడికీ ఆంజనేయుడికీ వేసే జిల్లేడు అక్కడ పెళ్లి దండల్లో కూడా ఉంటుంది, ప్రేమకి గుర్తుగా. పూలు అమ్మే ఇంటివాళ్లకి ఇంతకన్నా మంచి కాలక్షేపం ఏముంటుంది చెప్పండి!

దేవుడి దండల్ని వాసన చూడకూడదన్న పట్టింపు అక్కడా ఉంది. మల్లె కనబడగానే ముక్కు దగ్గర పెట్టుకోవడం మనకి అలవాటు. కొనకముందు ఆ పని చెయ్యకండి.

పొద్దున 6 గంటలకల్లా మార్కెట్టులో ఉండండి. ఐసు కరిగి నేల తడిగా ఉంటుంది, అత్తయ్యగారికి జారని చెప్పులు వేయించండి. దగ్గర్లోనే వాట్ ఫో గుడి, శయన బుద్ధుడు. 8కి తెరుస్తారు. ఎండ ముదిరే వేళకి కేఫ్‌లో కూర్చోవచ్చు. 2019లో మెట్రో బ్లూలైన్ సనమ్ చై స్టేషన్ వచ్చాక అక్కడికి వెళ్లడం సులువైంది, కానీ మోకాళ్ల నొప్పులున్న మనిషికి నేరుగా టాక్సీయే మేలు.

మొక్కలూ విత్తనాలూ పూలూ మాత్రం బ్యాగులో వేసుకుని రావద్దు. మీ వృత్తికి ఆ టెంప్టేషన్ ఎక్కువని నాకు తెలుసు. దిగుమతి పర్మిట్, ఆ దేశం ఇచ్చే ధ్రువపత్రం లేకుండా మొక్కల్ని తేవడానికి మన క్వారంటైన్ నిబంధనలు ఒప్పుకోవు. ఒక్క మొక్కతో వచ్చే పురుగు కడియం నర్సరీలన్నిటికీ అంటుకోగలదు.

ప్రశ్న: ఒక కేఫ్‌లో నీలం రంగు టీ ఇచ్చారు. నిమ్మరసం పిండితే ఊదా రంగులోకి మారింది. రంగు కలిపారేమోనని టెన్షన్‌గా ఉంది. పళ్లెంలో పెట్టే పూలు తినొచ్చా?
- డిగ్రీ విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: అలా మారిందంటే అది మన శంఖపువ్వే అయివుంటుంది. థాయిలాండ్‌లో అంచన్ అంటారు. అందులో ఉండే ఆంథోసయనిన్లు అనే సహజ రంగు పదార్థాలు పులుపు తగిలితే ఊదాకి, వంటసోడా తగిలితే ఆకుపచ్చకి తిరుగుతాయి. కృత్రిమ నీలం రంగు నిమ్మరసానికి సాధారణంగా ఇలా మారదు. పెరట్లో తీగ ఉంటే మందులు కొట్టని పూలు ఐదారు కోసి, పచ్చ తొడిమ తీసేసి, కప్పు వేడినీళ్లలో ఐదు నిమిషాలు ఉంచండి. దానికంటూ పెద్దగా రుచి ఉండదు, తేనో అల్లమో కావాలి. గర్భిణులు డాక్టర్ని అడక్కుండా తాగొద్దు. అక్కడి ఎర్ర షర్బత్ 'క్రజియప్' కూడా మనకి చుట్టమే. గోంగూర జాతి మొక్కకి పువ్వు రాలాక కాయ చుట్టూ మిగిలే ఎర్రటి కండగల రక్షక పత్రాలతో కాస్తారు.

ఇక పళ్లెంలో పూల గురించి గట్టిగా చెబుతున్నాను: ఏ పువ్వో చెప్పలేకపోతే తినకండి. మనం మునగపూలు, అవిశపూలు, గుమ్మడిపూలు వండుకుంటాం, ఉగాదికి వేపపువ్వు వేసుకుంటాం. అవి తినే పూలని తరతరాలుగా తెలుసు కాబట్టి. గన్నేరు, పచ్చగన్నేరు విషం. దేవగన్నేరు పాలు నోటికీ చర్మానికీ మంచివి కావు. తినదగిన పువ్వే అయినా పూలకొట్టు నుంచి వచ్చిందైతే పురుగుమందు కొట్టి ఉంటారు. "ఇది తినడానికా, అలంకారానికా?" అని వెయిటర్ని అడగండి. మొహమాటపడాల్సిన విషయం కాదిది.

ప్రశ్న: నాకు ఆస్తమా. స్నేహితురాలి పుట్టినరోజు పూల కేఫ్‌లో చేస్తున్నారు. వెళ్లొచ్చా?
- గృహిణి, వరంగల్

జవాబు: ఈ మధ్య ఆయాసం అదుపులో ఉంటే, ఇన్‌హేలర్ బ్యాగులో పెట్టుకుని వెళ్లండి. తాజా పూలకన్నా కప్పుకి వేలాడే ఎండుపూల మీద పేరుకున్న దుమ్ముతో ఎక్కువ జాగ్రత్త. వాటి కింద కాకుండా కిటికీ పక్కనో ఆరుబయటో టేబుల్ అడగండి. లిల్లీలు, లిల్లీ దండలు దగ్గర్లో ఉంటే వాసనకే ఇబ్బంది కావచ్చు, తీయించండి. చామంతి పుప్పొడి మీకు పడదని ముందే తెలిస్తే చామంతి టీ, క్యామమైల్ టీ రెండూ మానేయండి, ఒకే కుటుంబం అవి. ఛాతీ పట్టేసినట్టు అనిపిస్తే కేకు కోసేదాకా ఆగకుండా వెంటనే బయటికి వచ్చి ఇన్‌హేలర్ వాడండి. తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లండి. ఈ సంగతి మీ స్నేహితురాలికి ముందే చెప్పి ఉంచండి.